కుట్టిన సంచిలో ఖాళీ పెన్‌డ్రైవ్

ఆ ఉదయం కాటా గదిలో ఉన్న వస్తువులు ఇవి. ఒక కంప్యూటరు, దుమ్ము పడకుండా దాని మీద కప్పే పువ్వుల తువ్వాలు. బరువుని ఎర్ర అంకెల్లో చూపించే పెట్టె. చీటీలు కొట్టే ప్రింటరు. గోడకి మేకు, మేకుకి పురికొస ఉండ, ఉండలో గుచ్చిన దబ్బనం. కిటికీ గూట్లో లక్క కడ్డీ, సగం కాలిన కొవ్వొత్తి, అగ్గిపెట్టె, మిల్లు గుర్తు చెక్కిన ఇత్తడి ముద్ర. బల్ల మీద రెండు పెన్‌డ్రైవ్‌లు. వాటిలో ఒకటి బతికి ఉంది, ఒకటి చచ్చిపోయింది.

మనుషులం నలుగురం. పత్తిలోంచి గింజ తీసే జిన్నింగు మిల్లు మేనేజరు గారు. కాటా దగ్గర తూకాలు ఎక్కించే అమ్మాయి. పెన్‌డ్రైవ్‌ని రోజూ గుంటూరు ఆఫీసుకి చేరవేసే పెద్దాయన. నేను. ముగ్గురికి మిగతా వాళ్లందరి మీదా ఎంతో కొంత అనుమానం ఉంది. పెద్దాయనకి ఒక్కడికే ఎవరి మీదా లేదు. అందరూ ఆయన్నే ఎక్కువ అనుమానించడానికి అది కూడా ఒక కారణం అయింది.

రెండు వేల ఏడు పత్తి సీజను. డిప్లొమా అయ్యాక గుంటూరులో ఒక కంప్యూటరు ఇన్‌స్టిట్యూట్‌లో లినక్సు అనే ఆపరేటింగు సిస్టం పాఠాలు చెప్పేవాణ్ని. మేనేజరు గారు మా ఇన్‌స్టిట్యూట్‌కి ఫోను చేసి మనిషిని పంపమంటే, పొద్దున్నే ప్రత్తిపాడు బస్సెక్కి వచ్చాను. పనేమిటో ఆయన నిలబడే చెప్పారు.

“ఈయన తీసుకెళ్లే పెన్‌డ్రైవ్ గుంటూరు చేరేసరికి ఖాళీగా ఉంటోంది. ఎట్లా ఖాళీ చేస్తున్నాడో నువ్వు పట్టుకోవాల. శనివారం లోపల తేలకపోతే, ఆదివారం నుంచి ఈయన రానక్కర్లా.”

ఆయన గొంతు తగ్గించలేదు. పెద్దాయన తలుపు పక్కనే ఉన్నాడు. యాభై దాటిన మనిషి, తెల్ల గడ్డం, మోపెడ్ నడిపి నడిపి ఎండకి నల్లబడిన ముంజేతులు. మిల్లు పెట్టిన నాటి నుంచీ ఇక్కడే పని. మొదట్లో పత్తి నమూనాల పొట్లాలు మోసేవాడట, ఇప్పుడు పెన్‌డ్రైవ్ మోస్తున్నాడు.

“కూర్చోండి బాబూ, ఎండన పడొచ్చారు,” అన్నాడు నాతో. తనని దొంగని నిరూపించడానికి వచ్చినవాడికి కుర్చీ జరిపాడు. ఆ మర్యాద కూడా నాకు అనుమానంగానే తోచింది.

పని జరిగే తీరు ఇదీ. పత్తి ట్రాక్టరు లోపలికి వచ్చేటప్పుడు నిండు బరువు, దించి వెళ్లేటప్పుడు ఖాళీ బరువు తూస్తారు. రైతుకి చీటీ ఇస్తారు. సాయంత్రం ఆ రోజు తూకాలన్నీ ఒక ఫైలుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తారు. మిల్లు దాకా నమ్మదగ్గ ఇంటర్నెట్టు ఇంకా రాలేదు కాబట్టి పెన్‌డ్రైవ్ మోపెడ్ మీదే గుంటూరు వెళ్తుంది. అక్కడి గుమస్తా ఫైలుని తన కంప్యూటర్లో దింపుకుని, పెన్‌డ్రైవ్ తుడిచి, మర్నాటికి తిప్పి పంపుతాడు. రైతు తెచ్చిన చీటీ, ఈ ఫైలు సరిపోలితేనే చెల్లింపు. ఫైలు రాకపోవడంతో చెల్లింపులు ఆగాయి. రైతులు గేటు దగ్గర గొడవ చేశారు. చీటీలు దిద్ది ఎక్కువ బరువు చూపించాలనుకున్న దళారీ ఎవరో పెద్దాయన్ని కొన్నాడని మేనేజరు గారి లెక్క.

పత్తి, మిరప పండే మా వైపు కాటా అంటేనే అనుమానం. రైతు తూకానికి ముందు కాటా కింద రాయేమన్నా ఇరికించారేమోనని వంగి చూస్తాడు. మిల్లువాడు బస్తా అడుగున నీళ్లు చల్లారేమోనని మోచేతి దాకా చెయ్యి పెట్టి చూస్తాడు. మా నాన్న మిరపకాయల టిక్కీలు, అంటే గోనె బస్తాలు, గుంటూరు యార్డుకి వేసుకెళ్లినప్పుడు తూకం అయ్యేదాకా కళ్లు తిప్పేవాడు కాదు. మధ్యలో ఎవరైనా టీకి పిలిస్తే వెళ్లేవాడు కాదు సరికదా, పిలిచిందెవరో గుర్తుపెట్టుకునేవాడు. నేను ఆయన కొడుకుని.

జరిగింది వరసగా చెప్పమని అడిగితే అమ్మాయి చెప్పింది. పాస్టరు గారి కూతురు, డిగ్రీ ప్రైవేటుగా చదువుతూ ఇక్కడ పనిచేస్తోంది. మాట సూటిగా ఉంటుంది.

“కాటా కంపెనీ అతను వచ్చి కొత్త లినక్సు వేసి వెళ్లాడండి. ఆ రోజు నుంచే.”

“వేసినోడు మన కళ్లముందే కాపీ చేసి చూపించాడు గదమ్మా,” మేనేజరు గారు అడ్డం వచ్చారు. “కాపీ అయిందని స్క్రీను మీద పడింది గదా. ఇప్పుడూ పడతానే ఉంది గదా. ఇక్కడ ఎక్కుతోంది, అక్కడ దిగట్లేదు. మధ్యలో ఉంది ఎవరు?”

మొదటి రెండు సాయంత్రాలూ ఖాళీగా చేరగానే మేనేజరు గారు ఒక నిర్ణయం తీసుకున్నారు. పత్తి నమూనాలు పంపేటప్పుడు మధ్యలో ఎవరూ మార్చకుండా గుడ్డ సంచిలో పెట్టి, దబ్బనంతో కుట్టి, ముడి మీద లక్క కరిగించి ముద్ర వేస్తారు. పెన్‌డ్రైవ్‌కి కూడా అదే పద్ధతి పెట్టారు. కుట్లు ఏడు. ఎనిమిదో కుట్టు కనపడినా, ఆరే కనపడినా గుంటూరు గుమస్తా సంచి తియ్యకుండా ఫోను చెయ్యాలి.

మొదటిరోజు లక్కని ముడి మీద కాకుండా సంచి మొత్తం మీద ధారాళంగా పోయించారు. గుంటూరులో సంచి విప్పేసరికి పెన్‌డ్రైవ్ మూత పెన్‌డ్రైవ్‌కి అంటుకుపోయి ఉంది. లాగితే లోపలి పలక కూడా వచ్చింది. బల్ల మీద చచ్చిపడి ఉన్నది అదే.

“కాల్చింది ఆయన, చచ్చింది అది, దొంగని నేను,” అన్నాడు పెద్దాయన నవ్వుతూ.

“నోరు ముయ్యవయ్యా,” అన్నారు మేనేజరు గారు.

రెండోది కొన్నారు. ఈసారి లక్క ముడి మీద మాత్రమే వేశారు. సంచి గుంటూరు చేరింది. కుట్లు ఏడు, ముద్ర చెక్కుచెదరలేదు. పెన్‌డ్రైవ్ ఖాళీ. దాని మర్నాడూ అంతే.

“ముద్ర పగలకుండా లోపలున్నది తీశాడంటే,” మేనేజరు గారు నా వైపు వంగారు, “మామూలు దొంగ కాదబ్బాయ్.”

నేను కాగితం మీద నా అనుమానాలు వరసగా రాసుకున్నాను. ఒకటి, పెన్‌డ్రైవ్. అప్పట్లో లోపల ఏమీ నిలవని నకిలీ సరుకు గుంటూరు షాపుల్లో బాగా దొరికేది. రెండు, అమ్మాయి. ఎక్కించానని చెప్పి ఎక్కించకపోవచ్చు. మూడు, పెద్దాయన. నాలుగు, కొత్త సిస్టం. నేను బోధించేది అదే కాబట్టి ఆఖరున రాశాను. కాపీ బటన్ నొక్కితే నడిచే చిన్న ప్రోగ్రాముని, అంటే స్క్రిప్టుని, జాబితాలోనే రాయలేదు. అది రెండేళ్ల కిందట ఎవరో రాసింది, ఆ రోజు నుంచి ఒక్క అక్షరం మారకుండా పనిచేస్తోంది. మారనిదాన్ని అనుమానించడం నాకు అప్పటికి తెలియదు.

నకిలీ సంగతి ముందు తేల్చాను. మేనేజరు గారి గదిలో ఇంకో కంప్యూటరు ఉంది, పాతది, దాన్ని ఎవరూ అప్‌గ్రేడ్ చెయ్యలేదు. అందులో పెన్‌డ్రైవ్ పెట్టి నిండా ఫైళ్లు ఎక్కించి, తీసి, మళ్లీ పెట్టి చూశాను. అన్నీ ఉన్నాయి. సరుకు మంచిదే. ఆ ఫైళ్లు తుడిచేశాను.

తర్వాత కాటా గదిలో. అమ్మాయి నా ముందే పెన్‌డ్రైవ్ పెట్టింది. దాని దీపం వెలిగింది. కాపీ బటన్ నొక్కింది. ‘కాపీ అయింది’ అని పడి, కింద ఫైలు పేరు, సైజు కూడా చూపించింది. ఆమె చేతులు వేరే ఎక్కడికీ పోలేదు. రెండో పేరు కొట్టేశాను, పెన్సిలుతో, లైట్‌గా.

మిగిలింది మూడోది. మధ్యాహ్నం భోజనాలప్పుడు పెద్దాయన్ని పక్కకి పిలిచి దారి అడిగాను. ఎక్కడెక్కడ ఆగుతారు అన్నాను.

“ఎక్కడా ఆగను బాబూ. సంచి చొక్కా లోపలి జేబులో ఉంటది. ఆఫీసులో ఇచ్చి సంతకం తీసుకుంటా.”

మేనేజరు గారు వెనక నుంచి విన్నారు. “అయితే మొన్న సాయంత్రం పెదకాకానిలో నీ మోపెడ్ ఎందుకు కనపడింది? ప్రత్తిపాడు నుంచి గుంటూరుకి పెదకాకాని మీదుగా ఎప్పుడేశారయ్యా రోడ్డు?”

పెద్దాయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. గుంటూరుకి పెదకాకాని అవతలి వైపు. దారిలో ఉండే అవకాశమే లేదు.

“ఆఫీసులో ఇచ్చినాకే వెళ్లానండి.”

“ఎందుకెళ్లావు?”

“పనుంది.”

“ఏం పని?”

ఆయన మళ్లీ అన్నం కలిపాడు. అమ్మాయి తన గిన్నెలోంచి గోంగూర పచ్చడి తీసి ఆయన ఆకులో వేస్తూ, “తినండి బాబాయ్, చల్లారిపోద్ది,” అంది. మేనేజరు గారు నా వైపు చూసి కనుబొమలు ఎగరేశారు. నేను మూడో పేరు కింద గీత గీశాను.

అంతటితో తేలిపోయిందనే అనుకున్నాను. ఎలా తీస్తున్నాడన్నదే మిగిలింది. ఒక ఊహ తట్టింది. కాపీ అయ్యాక వెంటనే పీకేస్తే లినక్సులో రాత పూర్తిగా పెన్‌డ్రైవ్‌లోకి దిగకపోవచ్చు. ముందు అది కాదని తేలితే మనిషి మీద నేరం గట్టిపడుతుంది. అందుకే కాపీ చేయించి, రాతంతా దిగేదాకా ఆగే ఆజ్ఞ ఇచ్చి, అది ముగిశాకే పెన్‌డ్రైవ్ తీశాను. ఎవరి చేతికీ ఇవ్వలేదు. గుప్పిట్లో పట్టుకుని కాటా గదిలోంచి మేనేజరు గారి గదికి నడిచాను. మధ్యలో ఉన్నది ఇసక దారి, ఒక వేపచెట్టు, తూకం కోసం వరసలో ఆగిన ట్రాక్టర్లు. ఎవరూ నా దగ్గరికి రాలేదు. పాత కంప్యూటర్లో పెట్టాను.

ఖాళీ.

ఈసారి పెన్‌డ్రైవ్‌ని మోసింది నేను. మేనేజరు గారి పద్ధతి ప్రకారం మధ్యలో ఉన్నవాడే దొంగ. జేబులోంచి కాగితం తీసి, మూడో పేరు కొట్టేసి, ఐదోదిగా ‘నేను’ అని రాశాను. హాస్యానికి రాయలేదు. లెక్క అలాగే వచ్చింది.

తిరిగి వెళ్లేసరికి కాటా గదిలో మేనేజరు గారు కాచుకుని ఉన్నారు. “ఏమైంది?”

“ఇంకోసారి చెయ్యాలండి,” అన్నాను. ఖాళీగా ఉందని చెప్పలేదు. నన్ను కూడా అనుమానిస్తారేమోనని భయం.

“అమ్మాయ్, కాపీ కొట్టు,” అన్నారాయన అసహనంగా.

రోజూ సాయంత్రం వినే మాట. ఆమె తల ఎత్తకుండానే బటన్ నొక్కింది. స్క్రీను మీద ‘కాపీ అయింది’ అని పడింది. కింద ఫైలు పేరు. సైజు.

నేను నా గుప్పిట విప్పి చూసుకున్నాను. పెన్‌డ్రైవ్ నా అరచేతిలోనే ఉంది.

బయట ట్రాక్టరు ఇంజను ఆగి ఆగి కొట్టుకుంటోంది. అమ్మాయి స్క్రీను వైపు, నా చేతి వైపు చూసింది. “దేన్లోకి అయింది మరి?” అంది.

అప్పుడు స్క్రిప్టు తెరిచాను. ఐదారు వరసలే. అందులో పెన్‌డ్రైవ్‌కి ఒక పేరు ఖాయం చేసి రాసి ఉంది, ఎస్‌డీఏ ఒకటి అని. పాత లినక్సులో ఈ కంప్యూటరు హార్డ్ డిస్కు పేరు హెచ్‌డీఏ. ఎస్‌డీఏ అనే పేరు ఖాళీగా ఉండేది, పెన్‌డ్రైవ్ వస్తే అది తీసుకునేది. కొత్త లినక్సు హార్డ్ డిస్కులని కూడా ఎస్‌డీ వరసలోనే పిలుస్తోంది. కంప్యూటరు లేవగానే హార్డ్ డిస్కు ఎస్‌డీఏ అయి కూర్చుంటోంది. తర్వాత వచ్చిన పెన్‌డ్రైవ్‌కి ఎస్‌డీబీ అని ఇస్తోంది. స్క్రిప్టుకి ఇవేమీ తెలియవు. అది రెండేళ్లుగా వెళ్లిన చోటికే వెళ్లి, అక్కడ ఎవరున్నారో చూడకుండా, ఫైలు అప్పజెప్పి వస్తోంది. పెన్‌డ్రైవ్ దీపం వెలిగేది కరెంటు తగిలినందుకు మాత్రమే.

ఎస్‌డీఏ ఒకటి అంటే ఇప్పుడు హార్డ్ డిస్కులో మొదటి అర, చాలా చిన్నది. కంప్యూటరు లేవడానికి కావలసిన ఫైళ్లు తప్ప అందులో ఏమీ ఉండకూడదు. తెరిచాను. ఆ ఫైళ్ల పక్కనే తూకాలు ఉన్నాయి. లినక్సు మార్చిన రోజువి, ఆ మర్నాటివి, లక్క పోసి పెన్‌డ్రైవ్‌ని చంపిన రోజువి, దాని మర్నాటివి, నిన్నటివి. ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు. ఏవీ ఈ గది దాటి పోలేదు.

మేనేజరు గారికి అర్థమయ్యేలా చెప్పడానికి మూడుసార్లు ప్రయత్నించాను. మూడోసారి బస్సు తెచ్చాను. “గుంటూరు బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకుంటారు కదండీ. మన పెన్‌డ్రైవ్‌కి ఎప్పుడూ మొదటి సీటే దొరికేది. క్యారేజీ తెచ్చేవాడికి మనిషి తెలియదు, మొదటి సీటు అని మాత్రమే చెప్పారు. ఇప్పుడు ఆ సీట్లో ముందే వేరేవాడు తువ్వాలు వేసుకున్నాడు. పెన్‌డ్రైవ్ వెనక సీట్లో కూర్చుంది. క్యారేజీ రోజూ మొదటి సీటుకే వెళ్తోంది.”

“అంటే మనోడు పస్తు, వాడెవడో తింటన్నాడు.”

“వాడూ తినట్లేదండి. సీటు కింద పెట్టుకున్నాడు.”

“ఏడిసినట్టుంది,” అన్నారు. కానీ అర్థమైంది. వెంటనే ఇంకో అనుమానం వచ్చింది. “ఆ కాటా కంపెనీవాడు కావాలనే చేశాడంటావా?”

“చూసుకోలేదండి.”

“చూసుకోలేదా, చూసుకోనట్టు చేశాడా?”

నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. అతను ఆ రోజు పెన్‌డ్రైవ్‌ని ఇంకో కంప్యూటర్లో పెట్టి చూసి ఉంటే అక్కడే తేలేది.

స్క్రిప్టు మార్చాను. సీటుని కాదు, మనిషిని వెతికేలా. పెన్‌డ్రైవ్‌కి ఒక గుర్తు పేరు పెట్టి, ఆ పేరున్నది కనపడితేనే ఎక్కించమని, లేకపోతే ‘పెన్‌డ్రైవ్ లేదు’ అని చెప్పమని రాశాను. పెట్టకుండా ఒకసారి నొక్కించాను. లేదంది. పెట్టి నొక్కించాను. మేనేజరు గారి గదిలో తెరిచి చూశాం, నలుగురం వెళ్లి. ఫైలు ఉంది. ఆగిపోయిన పాత తూకాలు కూడా అందులోకే ఎక్కించాను. మేనేజరు గారు గుంటూరుకి ఫోను చేసి, సాయంత్రం అన్నీ వస్తున్నాయని చెప్పారు. ఎందుకు రాలేదో చెప్పలేదు.

తర్వాత పెద్దాయన వైపు తిరిగారు. క్షమించమని అంటారేమోనని నేను ఎదురుచూశాను. “సర్లే. జరిగిందేదో జరిగింది. రేపూ ఎల్లుండీ ఎప్పటిలాగే రా,” అన్నారు. అంతలోనే, “అయితే పెదకాకాని సంగతేందయ్యా?” అన్నారు.

“అది తూకాల్లోకి రాదండి,” అన్నాడు పెద్దాయన.

ఆయన పెదకాకాని ఎందుకు వెళ్లేవాడో నాకు కూడా చెప్పలేదు. అడగడానికి నాకు మొహం చెల్లలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

సాయంత్రం ట్రాక్టర్లు అయిపోయాక అమ్మాయి తూకాలు ఎక్కించి పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చింది. మేనేజరు గారు చెయ్యి ఊపారు. “ఇంక కుట్టడం ఎందుకు, ఊరికే జేబులో వేసుకెళ్లు. టయం దండగ.”

పెద్దాయన పెన్‌డ్రైవ్ తీసుకోలేదు. “కుట్టమ్మా,” అన్నాడు అమ్మాయితో.

“సారు వద్దంటన్నారుగా బాబాయ్.”

“కుట్టందే నేను పట్టుకెళ్లను.”

“ఏందయ్యా ఇప్పుడు?” అన్నారు మేనేజరు గారు. “మిషను తప్పని తేలిపోయింది గదా. ఇంకెవరి మీద అనుమానం నీకు?”

ఆయన మేకు మీది పురికొస ఉండ తీసి, దబ్బనంతో సహా అమ్మాయి ముందు పెట్టాడు. మేనేజరు గారు నా వైపు చూశారు. నేను కొవ్వొత్తి వెలిగించాను.

అమ్మాయి సంచిలో పెన్‌డ్రైవ్‌ని అడుగుకి జారవిడిచి మూతి కుట్టింది. ఏడో కుట్టు దగ్గర ముడి వెయ్యబోతే పెద్దాయన ఆమె చెయ్యి ఆపాడు. “ఇంకో రెండెయ్యి.” “ఏడు దాటితే గుమస్తా ఫోను చేస్తాడు బాబాయ్,” అంటూనే వేసింది. లక్క చుక్క ముడి మీద పడింది, లోపలి వస్తువుకి దూరంగా. ఇత్తడి ముద్ర మాత్రం మేనేజరు గారినే వెయ్యమని ఆయన చేతికి అందించాడు. ఆయన విసుక్కుంటూనే వేశారు.

పెద్దాయన సంచిని కిటికీ వెలుతురుకి ఎత్తి వేలితో కుట్లు లెక్కపెట్టుకున్నాడు. అమ్మాయికిచ్చి లెక్కపెట్టించాడు. మేనేజరు గారికిచ్చి లెక్కపెట్టించాడు. ఆఖరున నాకు ఇచ్చాడు.

కుట్లు తొమ్మిది.